గూళ్ళ ఏరివేత – సకాలంలో అమ్మకం



బాగేపల్లి, పావగడ, హోసూరు ప్రాంతాల పల్లెల నుండి పట్టుగూళ్ళు శిడ్లఘట్ట, రామనగర, హిందూపురం మార్కెట్లకు వెళ్తుంటాయి. అక్కడ రీలరు చేసే మొదటి పని మీకు తెలుసు. కుప్పలో చెయ్యి పెట్టి గుప్పెడు గూళ్ళు తీసి, చెవి దగ్గర ఊపి చూస్తాడు. ఆ గుప్పెట్లో రెండు మరక గూళ్ళు కనబడితే, అడుగున ఇంకెన్ని ఉన్నాయోనని మొత్తం లాటుకే ధర తగ్గించి పాడతాడు.

ఒక లెక్క చూడండి. 60 కిలోల పంటలో 5 కిలోలు చెడు గూళ్ళు ఉన్నాయనుకుందాం. కలిపి తెస్తే కిలో 450 రూపాయల చొప్పున 27,000 వస్తుంది. ఏరి తెస్తే మంచి గూళ్ళు 55 కిలోలు 500 చొప్పున 27,500, చెడువి 5 కిలోలు 120 చొప్పున 600, వెరసి 28,100. ఇంటిల్లిపాదీ ఒక పూట కూర్చుంటే తేడా 1,100 రూపాయలు. ధరలు మారినా లెక్క తీరు ఇదే.

జంట గూళ్ళలో రెండు పురుగుల దారాలు చిక్కుపడి మాటిమాటికీ తెగుతాయి. వీటిని డూపియన్ నూలుకు కొనేవారున్నారు, కనుక విడిగా ఉంచండి. మరక గూళ్ళు, పలుచ గూళ్ళు, చిల్లు పడినవి మరో సంచిలో వేయండి. లోపల పురుగు చచ్చి కుళ్ళిన గూళ్ళను మాత్రం అమ్మకానికి పెట్టవద్దు. సంచిలో నలిగితే పక్కనున్న మంచి గూళ్ళకు కూడా మరక అంటుతుంది. వాటిని ఏరిన రోజే కాల్చివేయాలి.

ఊజి ఈగ 1980లో కర్ణాటకలో ప్రవేశించి, ఇప్పటికీ మనలను వదలలేదు. దాని పురుగు గూటికి చిల్లు చేసుకొని బయటపడి, నేల పగుళ్ళలో చేరి ప్యూపా అవుతుంది. చంద్రికల కింద, గూళ్ళు పోసిన చోట వెతికి, దొరికిన వాటినల్లా సబ్బు నీళ్ళలో వేయండి. సంచిలో మార్కెట్టుకు పంపితే మరొకరి ఊరికి ఈగను పంపినట్లే.

ఇక గూళ్ళు విప్పే రోజు. సంకర జాతికి పురుగులు చంద్రికల మీదికి ఎక్కించిన 5-6వ రోజు, బైవోల్టిన్‌కు 7-8వ రోజు సరైనది. సందేహముంటే రెండు మూడు గూళ్ళు కోసి చూడండి. ప్యూపా గోధుమ రంగుకు తిరిగి గట్టిపడి ఉండాలి. తొందరపడితే లేత ప్యూపా చితికి, మంచి గూడే మరక గూడవుతుంది.

ఆలస్యం అంతకంటే నష్టం. పచ్చి గూళ్ళు రోజురోజుకూ తూకం తగ్గుతాయి. ఎక్కించిన పది పన్నెండు రోజులకు రెక్కల పురుగులు గూటిని తొలుచుకొని వస్తాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రైతు ధర పెరుగుతుందని గూళ్ళు ఆపుకున్నాడు. సంచి విప్పేసరికి సగం తొలిచినవే. కొనేవాడు లేక దూది ధరకు ఇచ్చి వెళ్ళాడు. రీలరు గూళ్ళను ఆవిరికి పెట్టి, ఆరబెట్టి నిలవ చేసుకోగలడు. ఆ వసతి లేని మనం ధర కోసం ఆగడం కుదరదు.

మార్కెట్టుకు పలుచని సంచులలో వదులుగా నింపి, చల్లని వేళ బయలుదేరండి. బస్సు పైకప్పు మీద, ఎరువు బస్తాల కింద వేయవద్దు.

జంట గూళ్ళు, మరకలు తగ్గాలంటే వచ్చే పంటలో చంద్రిక మీద చదరపు అడుగుకు 50 పురుగులకు మించి ఎక్కించకండి. 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల చంద్రికకు 1,200 పురుగులు. చంద్రికలు చాలకపోతే పురుగులు పండక ముందే పక్కింటివారిని అడిగి పెట్టుకోండి.