జైలు నుండి వచ్చినవానికి తోడెవరు?



ఈ నెల పాఠము మన సంఘములలో ఎక్కువగా మాట్లాడుకొనని సంగతిని గూర్చినది. జైలు నుండి బయటికి వచ్చిన మనిషి మరల నిలదొక్కుకొనుటకు ఎవరు తోడ్పడగలరు? పాస్టరుగారా, ప్లీడరుగారా, ఆఫీసరుగారా? వీరందరును కావలెను. అయితే తనవలెనే జైలులో ఉండి, తనకంటె కొంచెము ముందుగా బయటపడి, నిలిచిన మరియొకడు చేయగల పని వీరిలో ఎవరును చేయలేరు. ఇదే నేటి పాఠము.

ముందుగా మా తప్పు ఒప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక యౌవనస్థుడు శిక్ష ముగించుకొని వచ్చెను. బట్టలు, బియ్యము, ఒక నెల ఇంటి అద్దె ఇచ్చితిమి. ఒక ఆదివారము ముందు నిలువబెట్టి సాక్ష్యము చెప్పించితిమి. చేయదగినదంతయు చేసితిమనుకొంటిమి. ఆ తరువాత కుర్చీలు సర్దుటకైనను, కానుక సంచి పట్టుటకైనను అతనిని ఎవరును పిలువలేదు. ఏడెనిమిది నెలలకు రావడము మానివేసెను. ఒకనాడు మార్కెట్టులో కనబడినప్పుడు అడిగితిమి. "మీ దగ్గర నేనెప్పుడూ పుచ్చుకునేవాడినేనండి" అని చెప్పి వెళ్లిపోయెను.

ఆ మాట ఎంత లోతైనదో అమెరికాలోని ఒక సంస్థను గూర్చి తెలిసికొన్నప్పుడు మాకు బోధపడినది. 1971లో శాన్ ఫ్రాన్సిస్కో పట్టణములో జాన్ మహర్ అను ఒకాయన దానిని ఆరంభించెను. ఆయనే ఒకప్పుడు మత్తుమందులకు లోబడి, జైలుకు వెళ్లినవాడు. నేరములను గూర్చి శాస్త్రరీత్యా చదివిన మిమీ సిల్బర్ట్ అను విద్వాంసురాలు త్వరలోనే ఆయనతో కలిసెను. సంస్థకు డెలాన్సీ స్ట్రీట్ అని పేరు పెట్టిరి. అది న్యూయార్కులోని ఒక వీధి పేరు. ఇతర దేశములనుండి ఓడలలో వచ్చిన పేదలు ఒకప్పుడు ఆ ప్రాంతములోనే కాపురముండి, ఒకరి నాసరాగా చేసికొని ఒకరు పైకి వచ్చిరి.

ఈ సంగతి మనకు వేరుగా వివరించనక్కరలేదు. మన తాతలలో కోలారు బంగారు గనులకు వచ్చినవారు ముందుగా వచ్చినవారి ఇంటనే గదా దిగినారు! పని ఎక్కడ దొరకునో, ఏ మేస్త్రీ ఎటువంటివాడో, అంగడిలో బియ్యమును కన్నడములో ఏమని అడుగవలెనో చెప్పినది దొరగారు కాదు, మనకంటె ఒక ఏడాది ముందు వచ్చిన మన ఊరి మనిషే.

డెలాన్సీ స్ట్రీట్‌లో జీతము తీసికొను సిబ్బంది లేరు. చేరినవారు కనీసము రెండేండ్లు ఉండవలెను, అంతకంటె ఎక్కువ కాలము ఉండువారే అనేకులు. మద్యము, మత్తుమందులు కూడవు. కొట్టకూడదు, బెదిరించనైనను కూడదు. క్రొత్తవానికి మొదట నేల తుడుచు పని ఇత్తురు. కొన్ని నెలలు గడవగానే ఆ తరువాత వచ్చినవానికి నేర్పు బాధ్యత అతనిమీద పడును. తుడుచుట నేర్చినవాడు తుడుచుట నేర్పవలెను, నాలుగు అక్షరములు వచ్చినవాడు ఆ నాలుగే నేర్పవలెను. ఇల్లు మారువారి సామానులు మోయుట, క్రిస్మస్ చెట్లు అమ్ముట, భోజనశాల నడుపుట మొదలైన పనులతో సంస్థను పోషించుకొనిరి. 1990 నాటికి సముద్రతీరమున తమ నివాస భవనములను తామే కట్టుకొనిరి. వారిలో అనేకులు అంతకుముందు తాపీ పట్టినవారు కారు. వచ్చినవారందరును నిలిచిరని కాదు. మధ్యలో వెళ్లిపోయినవారును ఉన్నారు.

నేర్పువానికి కలుగు మేలు ఇక్కడ ముఖ్యము. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణమునకు వ్యాపారపు పనిమీద వెళ్లిన బిల్ విల్సన్ అను ఆయన, అప్పటికి కొన్ని నెలలుగా త్రాగుడు మానియున్నాడు. తాను బోధించిన త్రాగుబోతులలో ఎవరును మారలేదు గాని, బోధించినన్నాళ్లు తాను మాత్రము త్రాగలేదని ఆయన గమనించియుండెను. పని చెడి, మరల త్రాగవలెనని కోరిక పుట్టినప్పుడు ఆయన వైద్యునికొరకు వెదకలేదు, మరియొక త్రాగుబోతు కొరకు వెదకెను. అట్లు దొరికిన డాక్టర్ బాబ్ స్మిత్‌తో కలిసి ఆల్కహాలిక్స్ అనానిమస్ ఆరంభించెను. సహాయము చేయువానికే ఎక్కువ మేలు కలుగునను ఈ సంగతిని ఫ్రాంక్ రీస్మన్ అను పండితుడు 1965లో ఒక వ్యాసములో విశదపరచెను.

మన దేశములోను ఇది క్రొత్త కాదు. కిరణ్ బేడీగారు 1993 నుండి 1995 వరకు ఢిల్లీ తీహార్ జైళ్ల అధికారిణిగా ఉన్నప్పుడు చదువు వచ్చిన ఖైదీలే రానివారికి నేర్పిరి. అయితే దీనిని ఖైదీని ఖైదీలమీద కావలి పెట్టుటతో కలుపకూడదు. అటువంటి ఖైదీ అధికారులను గూర్చి 1894 నాటి జైళ్ల చట్టములోనే ఉన్నది. అది అధికారము, మనము చెప్పునది తోడు. మరియొక మాట. జైలు నుండి వచ్చినవాడని అనగానే నేరస్థుడని తలంచుచున్నాము. 2022 చివరినాటి ప్రభుత్వ లెక్కలలో మన జైళ్లలోనివారు నాలుగింట మూడు వంతులమంది ఇంకను విచారణలో ఉన్నవారే.

మన ఊళ్లలో ఈ తోడు చేయవలసిన పని పెద్దగా కనబడదు. విడుదల దినమున గేటు దగ్గర నిలిచి, బస్సు చార్జీ పెట్టి ఇంటికి చేర్చవలెను. ఆధార్ కార్డుకు, బ్యాంకుకు, బెయిలుమీద ఉన్నవాడైతే స్టేషనులో సంతకమునకు వెంట వెళ్లవలెను. పాత స్నేహితులు పిలుచు సాయంకాలము ఫోను ఎత్తవలెను. "నాకేమీ కాలేదు" అని క్రొత్తవాడు అన్నప్పుడు మనము నమ్ముదుము. ఆ మాట తానే పదిమార్లు చెప్పియున్నవాడు నమ్మడు.

అపాయములును కలవు. తోడుండువాడే పడిపోవచ్చును. గనుక ఇద్దరినే విడిచిపెట్టక, అనుభవముగల ఒక పెద్ద వారమునకొకసారి వారితో కూర్చుండవలెను. డబ్బు అప్పులు వారి మధ్య ఉండకూడదు. స్త్రీలకు స్త్రీలే తోడుండవలెను. చెప్పుకొన్న సంగతులు సంఘమంతటా ప్రాకకూడదు (ఇది మనకు అన్నిటికంటె కష్టము!).

మీ తరగతిలో ఒక ప్రశ్న వేసికొనుడి. అట్టివాడు వచ్చినయెడల మనము అతనికి ఏమి ఇత్తుమని కాదు. మూడవ నెలలో ఏ పనిని అతని చేతికి అప్పగింతుము?

మా యౌవనస్థుడు ఇప్పుడు లోడు ఆటో నడుపుచున్నాడు. ఈమధ్య మరియొక కుటుంబములోని కుమారుని విడుదల సంగతి తెలిసినప్పుడు, మేము సంకోచించుచునే అతని ఇంటికి వెళ్లి సంగతి చెప్పితిమి. చాలాసేపు మాటలాడలేదు. చివరకు, "మీరెవరూ రాకండి, నేను వెళ్తాను. ఎన్ని గంటలకు వదులుతారండి?" అని అడిగెను.