ఆమ్లక్షారములు – దేహారోగ్యము

పారాణి కొరకు పసుపులో సున్నము కలిపినపుడు అది ఎఱ్ఱబారుట మన యిండ్లలో అందఱు నెఱిగినదే. అందు నిమ్మరసము పిండినచో మరల పసుపువన్నె వచ్చును. సున్నము క్షారము, నిమ్మరసము ఆమ్లము. ఒకదాని గుణమును మఱియొకటి హరించును. పిల్లలు పాఠశాలలో లిట్మసు కాగితముతో నేర్చుకొను పాఠ మిదియే.

ఈ గుణములను కొలుచుటకు 1909లో కోపెన్‌హాగెన్ నగరమున సోరెన్‌సెన్ అను రసాయన శాస్త్రవేత్త పి.హెచ్. అను మానమును ప్రవేశపెట్టెను. 25 డిగ్రీల వేడిమి యొద్ద శుద్ధజలము యొక్క పి.హెచ్. 7. అంతకు తక్కువైనచో ఆమ్లము, ఎక్కువైనచో క్షారము. ఒక్క అంకె తగ్గినచో ఆమ్లగుణము పదిరెట్లు హెచ్చును.

మన రక్తము 7.35 మొదలు 7.45 వఱకు గల యిఱుకు హద్దులలో నిలిచియుండవలెను. హద్దు మిక్కిలి దాటినచో ప్రాణమునకే ముప్పు. అందుచే దేహము మూడు విధములైన కాపుదల నేర్పఱచుకొన్నది. రక్తమునందలి బైకార్బొనేటు ఆమ్లమును వెంటనే విఱుచును. ఊపిరితిత్తులు బొగ్గుపులుసు వాయువును వెడలగొట్టును. మూత్రపిండములు మిగులు ఆమ్లమును మెల్లగా బయటికి పంపును. కనుక చింతపండు పులుసు తిన్నచో రక్తము పులియుననుటయు, క్షారజలము త్రాగినచో రక్తము శుద్ధియగుననుటయు సత్యము కావు.

దేహము తన్ను తాను కాపాడుకొనజాలని తావులందు తల్లిదండ్రులే జాగరూకులు కావలెను.

మొదటిది దంతములు. నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లముగా మార్చును. పి.హెచ్. సుమారు 5.5కు దిగినపుడు దంతములపై పింగాణి కరుగ నారంభించును. లాలాజలము దీనిని సరిచేయగలదు గాని దానికి వ్యవధి కావలెను. కావున మాటిమాటికి మిఠాయి చప్పరించుట మిక్కిలి చెఱుపు.

రెండవది అతిసారము. విరేచనములతో నీరేగాక బైకార్బొనేటు కూడ పోవును. ఓ.ఆర్.ఎస్. పొట్లములోని సిట్రేటు దేహములో బైకార్బొనేటుగా మాఱి యా లోటును పూరించుటకు తోడ్పడును. వట్టి నీటికి ఆ శక్తి లేదు.

మూడవది కన్ను. తాంబూలపు సున్నము కంటబడినచో పసుపులో వలె నిమ్మరసముతో విఱువజూడరాదు. అది కంటిని మఱింత గాయపఱచును. తక్షణమే శుభ్రమైన నీటిని కంటిపై ధారగా పోయుచు, కనీసము అరగంట కడిగి, ఆలసింపక వైద్యుని యొద్దకు కొనిపోవలెను. సున్నపుకాయ పిల్లల చేతి కందనిచోట నుంచుట అన్నింటికంటె మేలు.