నగర రైళ్లు: ఒక తులనాత్మక పరిశీలన

కర్నూలు నుండి పై చదువుకో, ఉద్యోగానికో హైదరాబాదుకు బయలుదేరిన విద్యార్థి ఆ నగరమును సాధారణముగా రెండు ద్వారములలో ఒకదానిగుండా ప్రవేశించును. రైలులో పోయినవాడు కాచిగూడలో దిగును. బస్సులో పోయినవాడు మహాత్మాగాంధీ బస్ స్టేషనులో దిగును. కాచిగూడలో దిగినవానికి ఎం.ఎం.టి.ఎస్. బండి కనిపించును. బస్ స్టేషనులో దిగినవానికి తలమీదుగా పోవు మెట్రో రైలు కనిపించును. రెండును విద్యుత్తుతో నడచు నగర రైళ్లే. అయినను వాటి పుట్టుక వేరు, నిర్మాణము వేరు, సేవించు జనము వేరు. ఈ భేదములను తెలిసికొనుట భౌతికశాస్త్ర విద్యార్థులకే గాక, రేపు నగరములలో బ్రతుకు వెదకికొనబోవు మనందరికిని అవసరము.

ఎం.ఎం.టి.ఎస్. 2003 ఆగస్టు 9న ప్రారంభమైనది. రాష్ట్ర ప్రభుత్వమును, దక్షిణ మధ్య రైల్వేయును కలిసి, అప్పటికే ఉన్న పట్టాలమీద స్థానిక బండ్లను నడుపుటయే దీని పద్ధతి. మెట్రో 2017 నవంబరు 28న మియాపూరు వద్ద ప్రారంభమై, మరునాటినుండి ప్రజలకు అందుబాటులోకి వచ్చినది. 2020 ఫిబ్రవరినాటికి మూడు మార్గములు కలిసి సుమారు 69 కిలోమీటర్లైనవి. ఈ దారి అంతయు స్తంభములమీదనే నిర్మించబడినది.

గేజి

తెలుగువారు పట్టాలనునది, మన ఉర్దూ మిత్రులు పట్రీ అనునది ఒకటే. ఆ రెండు పట్టాల నడుమ దూరమే గేజి. దీని ప్రాముఖ్యము మన పెద్దలకు అనుభవపూర్వకముగా తెలియును. 1990 దశకములో మార్పు జరుగువరకు కర్నూలు మీదుగా సికింద్రాబాదు పోవు దారి మీటరు గేజి. అనగా 1000 మిల్లీమీటర్లు. కడప మీదుగా మద్రాసు పోవు దారి బ్రాడ్ గేజి. అనగా 1676 మిల్లీమీటర్లు. కావున గుంతకల్లులో మూటాముల్లె దింపుకొని బండి మారవలసి వచ్చెడిది.

ఎం.ఎం.టి.ఎస్.ది బ్రాడ్ గేజి. దాని పెట్టె వెడల్పు సుమారు మూడున్నర మీటర్లు. మెట్రోది స్టాండర్డ్ గేజి, 1435 మిల్లీమీటర్లు. దాని పెట్టె వెడల్పు సుమారు 2.9 మీటర్లు. విశాలమైనదానిని విడిచి సన్ననిదానిని ఎన్నుకొనుట ఏల? మెట్రో నగర వీథులమీదుగా పోవలెను. వీథి ఎక్కడ తిరిగిన అక్కడ తానును తిరుగవలెను. తక్కువ గేజిగల బండి ఇరుకు మలుపులలో సులభముగా తిరుగును. అంతేగాక ప్రపంచములో అనేక మెట్రోలు ఈ గేజిమీదనే నడచుచున్నందున తయారైన నమూనాలు సులభముగా దొరకును. హైదరాబాదు మెట్రోకు దక్షిణ కొరియాకు చెందిన హ్యుందయ్ రోటెమ్ సంస్థ ఒక్కొక్కటి మూడు పెట్టెలుగల 57 రైళ్లను సరఫరా చేసినది. ఎం.ఎం.టి.ఎస్. పెట్టెలు మద్రాసులోని పెరంబూరు కర్మాగారపు సంప్రదాయమునకు చెందినవి.

మోటారు, బ్రేకు

రెండు బండ్లును పైనున్న తీగనుండి 25,000 వోల్టుల ఏకాంతర విద్యుత్తును గ్రహించును. భేదము దానిని వాడుకొను విధములో గలదు. పాత తరపు స్థానిక బండ్లలో ఈ విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మార్చి డి.సి. మోటార్లను త్రిప్పెడివారు. మెట్రోలో ఇన్వర్టరు సహాయముతో మూడు ఫేజుల విద్యుత్తును పుట్టించి, దాని పౌనఃపున్యమును మార్చుచు వేగమును అదుపు చేయుదురు. బ్రేకు వేసినపుడు అదే మోటారు జనరేటరుగా మారి, విద్యుత్తును తీగలోనికి తిరిగి పంపును.

దీని విలువను ఒక లెక్కతో చూతము. బండి బరువు 150 టన్నులనియు, వేగము గంటకు 72 కిలోమీటర్లు, అనగా సెకనుకు 20 మీటర్లనియు అనుకొందము. గతిశక్తి సూత్రము ప్రకారము దాని శక్తి 3 కోట్ల జౌళ్లు. అనగా ఎనిమిది యూనిట్లకు మించిన విద్యుత్తు. పాత పద్ధతిలో ఇది ప్రతి స్టేషనువద్దను వేడియై గాలిలో కలిసిపోవును. అందులో సగము తిరిగి వచ్చినను స్టేషనుకు నాలుగు యూనిట్లు మిగులును. కరెంటు కోతలనెరిగిన మన సీమవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు.

తలుపులు

మెట్రో పెట్టెకు ఒక్కొక్క ప్రక్కను నాలుగేసి తలుపులు గలవు. అవి మూతపడనిదే బండి కదలదు. పాత పద్ధతి స్థానిక బండ్లలో తలుపులు తెరచియే యుండును. గాలి వచ్చును, ఎక్కుట దిగుట సులభమగును; కాని రద్దీవేళ కుర్రవాండ్లు కమ్మీ పట్టుకొని వెలుపల వ్రేలాడుదురు. 2025 జూన్ 9న బొంబాయి సమీపమున ముంబ్రావద్ద కిక్కిరిసిన స్థానిక రైళ్లనుండి ప్రయాణికులు జారిపడి కనీసము నలుగురు మరణించిరి. తలుపు అనునది సౌకర్యము కాదు, ప్రాణరక్ష. మెట్రో నమూనా యొక్క నిజమైన ఆధిక్యము చల్లని గాలిలోకంటె ఇందులోనే గలదని నా అభిప్రాయము.

పెట్టె పెద్దదా, వేళ ముఖ్యమా?

మూడు పెట్టెల మెట్రో బండిలో సుమారు వేయిమంది పట్టుదురు. ఎం.ఎం.టి.ఎస్. బండి అంతకు మూడు నాలుగు రెట్లు పొడవుండవచ్చును. మరి ఏది ఎక్కువమందిని చేర్చును? ఐదు నిమిషముల కొకటి చొప్పున మెట్రో నడచిన గంటకు 12 బండ్లు, 12 వేలమంది. మూడువేలమంది పట్టు పెద్దబండి అరగంట కొకటి వచ్చిన గంటకు ఆరువేలమంది మాత్రమే. స్థానిక బండి దూరప్రయాణపు రైళ్లకును, గూడ్సు బండ్లకును దారి ఇచ్చుచు అదే పట్టాలమీద నడువవలెను. మెట్రోకు దారి సొంతము. బండ్ల నడుమ దూరమును కంప్యూటరు రేడియో సంకేతములతో కాచుచుండును.

బెంగుళూరు అనుభవమును ఈ మాటనే చెప్పుచున్నది. అక్కడ 2011లో మూడు పెట్టెల బండ్లతో మెట్రో మొదలు కాగా, రద్దీకి చాలక పిమ్మట ఆరు పెట్టెలు చేసిరి. 2025 ఆగస్టు 10న ప్రారంభమైన పసుపు మార్గమునకు డ్రైవరు లేకుండ నడువగల కొత్త నమూనా వచ్చినది. కాని తొలుత మూడే బండ్లుండుటచే 25 నిమిషముల కొకటి మాత్రమే నడచినది. ఎంత గొప్ప నమూనాయైనను చాలినన్ని బండ్లు లేనిచో ప్రయాణికునకు నిరీక్షణ తప్పదు.

టికెట్టు

మెట్రో మొదలైనపుడు టికెట్టు 10 నుండి 60 రూపాయలు. 2025 మే నెలలో పెంచి, పిదప కొంత తగ్గించగా 11 నుండి 69 రూపాయలైనది. ఎం.ఎం.టి.ఎస్.లో కనిష్ఠ టికెట్టు ఎంతోకాలము ఐదు రూపాయలే. ఆదోని, పత్తికొండ ప్రాంతములనుండి కరువువలన వలసపోయిన కూలివాడు నెలకు 26 దినములు పోయివచ్చుననుకొందము. పర్యాయమునకు 10 రూపాయలైన నెలకు 520. 40 రూపాయలైన 2,080. ఈ 1,560 రూపాయల తేడా ఇంటికి పంపవలసిన డబ్బు. పైగా ఎం.ఎం.టి.ఎస్. పాతబస్తీ గుండా ఫలక్‌నుమా చేరినది. మెట్రో ఆకుపచ్చ మార్గమును అక్కడికి చేర్చవలెనని తలపెట్టినను, మొదటి దశలో అది మహాత్మాగాంధీ బస్ స్టేషను వద్దనే ఆగినది. కావున శాస్త్రదృష్టిలో వెనుకబడిన బండియే పేదవానికి ముందు నిలచినది.

ముగింపు

నమూనాగా చూచినచో మెట్రోయే మేలు. సేవగా చూచినచో రెండింటికిని స్థానము గలదు. మలక్‌పేట, భరత్‌నగర్ వంటిచోట్ల రెండింటి స్టేషన్లును దగ్గరదగ్గరగా ఉన్నవి. ఒకదానినుండి మరొకదానికి సులభముగా, ఒకే టికెట్టుతో మారగలిగిననాడు ప్రజలకు రెండు బండ్ల గుణములును దక్కును.

చివరగా విద్యార్థి మిత్రులకు ఒక మాట. ఈ బండ్లన్నియు విదేశములలోనే తయారగునని అనుకొనరాదు. మద్రాసు, కొచ్చిన్, లక్నో మెట్రోల పెట్టెలే గాక, 2019లో సిడ్నీ నగరమున ప్రారంభమైన డ్రైవరు లేని మెట్రో రైళ్లును మన సీమ అంచున, ఒకప్పటి చిత్తూరు జిల్లాలోని శ్రీసిటీలో ఆల్‌స్టామ్ కర్మాగారమున తయారైనవి. కడపనుండి అది కొద్దిగంటల ప్రయాణము. నగరములకు పోయి రైలెక్కువారుగానే గాక, రైలును నిర్మించువారుగాను మన కళాశాల విద్యార్థులు తయారు కావలెనని నా ఆకాంక్ష.