చెక్‌డ్యాముల కాంక్రీటు మన్నిక – సిమెంటు పరిమాణం పాత్ర

అల్లూరి సీతారామరాజు జిల్లా కొయ్యూరు మండలం వంటి ఏజెన్సీ ప్రాంతాలలో కొండవాగులపై నిర్మించే చెక్‌డ్యాములు వానలకు తడుస్తూ, వేసవిలో ఎండుతూ, వరదలో కొట్టుకువచ్చే ఇసుక, రాళ్ల ఒరిపిడికి గురవుతాయి. ఇవి మన్నాలంటే సిమెంటు ఎక్కువ వేస్తే చాలునన్న అభిప్రాయం పాక్షిక సత్యమే.

సిమెంటు నీటితో రసాయనిక చర్య జరిపి గట్టిపడుతుంది. ఈ చర్యకు అవసరమైన దానికి మించి కలిపిన నీరు ఆవిరైపోగా అతిసూక్ష్మ రంధ్రాలు మిగులుతాయి. లవణాలు తక్కువగా గల నీరు వీటి గుండా ఊరుతూ కాంక్రీటులోని సున్నాన్ని కరిగించి తీసుకుపోతుంది. చువ్వలున్నచోట తేమ, గాలి చేరి తుప్పు పడుతుంది. కావున మన్నికను ప్రధానంగా నిర్ణయించేది నీరు–సిమెంటు నిష్పత్తి.

తీవ్ర వర్షానికి, తడి–పొడి మార్పులకు గురయ్యే కాంక్రీటుకు, 20 మి.మీ. కంకర వాడినపుడు, ఐ.ఎస్. 456:2000 ప్రకారం ఘనపు మీటరుకు కనీస సిమెంటు సాదా కాంక్రీటులో 250 కిలోలు, ఆర్.సి.సి.లో 320 కిలోలు. నిష్పత్తి వరుసగా 0.50, 0.45 మించరాదు. అయితే 250 కిలోలకు 0.50 చొప్పున 125 లీటర్ల నీరే కలపాలి. 50 మి.మీ. స్లంప్‌కు ఐ.ఎస్. 10262 సూచించే నీరు 186 లీటర్లు. నీటిని తగ్గించే రసాయనాలు వాడనపుడు ఆ నీటికి 372 కిలోల సిమెంటు అవసరం. అనగా కనీస పరిమాణం పాటించినంత మాత్రాన నిష్పత్తి దానంతట అది కుదరదు.

ఆ 372 కిలోలు వేసినా ప్రయోజనం దక్కకపోవచ్చు. 50 కిలోల బస్తాకు 25 లీటర్ల నీరు కలిపితే నిష్పత్తి 0.50. పని సులువు కావాలని మరో 6 లీటర్లు పోస్తే అది 0.62 అవుతుంది. 186 లీటర్ల నీటికి 300 కిలోల సిమెంటే వేసిన మిశ్రమానిదీ ఇదే నిష్పత్తి. అదనపు సిమెంటు ఖర్చు వృథా అయినట్లే. మరోవైపు సిమెంటు మితిమీరితే ఉష్ణం, కుంచించుకుపోవడం పెరిగి పగుళ్లు వస్తాయి. అందుకే ప్రమాణం సాధారణంగా 450 కిలోలను గరిష్ఠ పరిమితిగా విధించింది.

సూచనలు:

1. నీటిని కొలిచి మాత్రమే కలపాలి.
2. ఇసుకలోని తడిని లెక్కించి తగ్గించాలి. 100 కిలోల ఇసుకలో 5 శాతం తడి ఉంటే దాదాపు 5 లీటర్ల నీరు ముందే చేరినట్లు.
3. వైబ్రేటరుతో బాగా కుదించాలి.
4. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు కనీసం 7 రోజులు, పి.పి.సి.కి, అలాగే వేడి, పొడి వాతావరణంలో కనీసం 10 రోజులు క్యూరింగ్ చేయాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు నిర్మాణ స్థలంలో సిమెంటు బస్తాలతోపాటు నీటి కొలతను కూడా తనిఖీ చేయడం అవసరం.