ఖనిజంలో తేమ, రేవులో తొలి పరీక్ష: చిన్న సంస్థలకు అందాల్సిన తోడ్పాటు

ఛత్తీస్‌గఢ్‌లోని బాసగూడ తాలిపేరు ఒడ్డున ఉన్న ఊరు. అక్కడి నుంచి సముద్రం చాలా దూరం. అయితే ఆ ఊరికి తూర్పు దిక్కున ఉన్న బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం 1960ల నుంచీ సముద్రం దాటుతూనే ఉంది. దాన్ని జపాన్‌కు పంపడం కోసమే కొత్తవలస–కిరందుల్ రైలు మార్గం వేశారు. తూర్పు కనుమల సొరంగాల గుండా వచ్చే ఆ గూడ్సు రైళ్లు విశాఖపట్నం రేవులో ఖాళీ అవుతాయి. ఒక రకంగా బస్తర్‌కు రేవు విశాఖే.

ఖనిజంతో పాటు దాని పొడి కూడా వస్తుంది. టిప్లర్ వ్యాగన్‌ను తిరగేసినప్పుడు, సరుకు ఒక కన్వేయర్ బెల్టు నుంచి మరో బెల్టు మీదికి పడినప్పుడు, గుట్టలుగా పోసిన చోట గాలి విసిరినప్పుడు సన్నని రేణువులు పైకి లేస్తాయి. 10 మైక్రోమీటర్ల కన్నా చిన్నవి శ్వాసతో లోపలికి పోతాయి. రేవు పక్కనున్న విశాఖ పాతబస్తీ వాసులకు ఈ ధూళి ఎన్నో ఏళ్ల బాధ. దానికి తెలిసిన విరుగుడు నీళ్లు చల్లడం.

కానీ ఎన్ని నీళ్లు చల్లాలి? తక్కువైతే ధూళి అణగదు. ఎక్కువైతే ఓడకే ముప్పు. ఖనిజపు పొడిలో రేణువులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టే గుట్ట నిలబడుతుంది. వాటి మధ్య ఖాళీల్లో నీరు నిండిందనుకోండి. ఇంజను అదురుకూ అలల ఊపుకూ సరుకు కుదించుకుపోయి, ఆ నీటి మీద ఒత్తిడి పెరుగుతుంది. ఒక దశలో రేణువుల మధ్య పట్టు సడలి, గట్టిగా కనిపించిన గుట్ట ఒక్కసారిగా చిక్కటి ద్రవంలా పారుతుంది. సరుకంతా ఒక పక్కకు ఒరిగితే ఓడ మళ్లీ నిటారుగా లేవలేదు. 2009లో ఇనుప ఖనిజపు పొడితో బయలుదేరిన రెండు ఓడలు మన తీరాల్లోనే మునిగాయి. జూలైలో మంగళూరు దగ్గర ఏషియన్ ఫారెస్ట్, సెప్టెంబరులో పారాదీప్ దగ్గర బ్లాక్ రోజ్. రెండూ వానాకాలపు నెలలే.

అంతర్జాతీయ నియమాలు ఇలాంటి సరుకుకు తేమ పరిమితి పెట్టాయి. ఎంత తేమ దగ్గర అది పారడం మొదలుపెడుతుందో ప్రయోగశాలలో కనుక్కుని, అందులో 90 శాతాన్ని గరిష్ఠ హద్దుగా తీసుకుంటారు. చిక్కల్లా నమూనా తీసిన తరవాత వాన పడితే ఆ లెక్క మారిపోవడమే. బెల్టు మీద సరుకు కదులుతుండగానే తేమను కొలిచి, గాలి వేగాన్ని బట్టి నీటి జల్లును తగ్గించి పెంచే పరికరం ఉంటే పాతబస్తీకీ మేలు, ఓడకూ మేలు. పదిమంది ఇంజనీర్లున్న చిన్న సంస్థ తలపెట్టదగ్గ పనే ఇది.

అలాంటి సంస్థ ఎక్కడ ఆగిపోతుంది? ఒక సాంకేతికత ఎంత పక్వమైందో చెప్పడానికి నాసా మొదలుపెట్టిన 1 నుంచి 9 వరకు మెట్లున్న కొలమానం ఉంది. ప్రయోగశాలలో పని చేయడం 4వ మెట్టు. నిజమైన పరిసరాల్లో నమూనా పని చేసి చూపడం 7వది. తొలి మెట్లకు పరిశోధన నిధులు దొరుకుతాయి, పై మెట్లకు వచ్చిన వస్తువును కొనేవాళ్లుంటారు. మధ్యలో ఉప్పుగాలి, తుప్పు, అదురు, దుమ్ము మధ్య నెలల తరబడి పరీక్షించాలంటే ఏదో ఒక రేవు చోటివ్వాలి. రేవు అధికారి సంకోచంలోనూ న్యాయముంది: బెల్టు ఆగితే ఓడ ఆగుతుంది, నిలిచిన ప్రతి రోజుకూ ఖర్చే. అనుభవముంటేనే అవకాశం, అవకాశం దొరికితేనే అనుభవం. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదన్న సామెత ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

కేంద్రం 2017 సాధారణ ఆర్థిక నియమావళిలో అంకుర సంస్థలకు పూర్వానుభవం, టర్నోవరు షరతులను సడలించే వీలు కల్పించింది. మంచిదే. కానీ షరతు సడలినంత మాత్రాన పరికరం బెల్టు మీదికి ఎక్కదు.

దారి దొరికిన చోట్ల ఏం జరిగిందో చూస్తే తేడా తెలుస్తుంది. మద్రాసు ఐఐటీలో పుట్టిన ప్లానిస్, కొచ్చికి చెందిన ఐరోవ్ నీటిలో మునిగి తనిఖీ చేసే రోబోలు తయారుచేస్తున్నాయి. జెట్టీ స్తంభాలను ఇదివరకు గజ ఈతగాళ్లే చూసేవారు. బురద నీటిలో కెమెరాకు ఏమీ కనబడకపోయినా అతిధ్వని పని చేస్తుంది. ఉక్కులో అది సెకనుకు దాదాపు 5,900 మీటర్ల వేగంతో పోతుంది. 12 మిల్లీమీటర్ల మందమున్న ఉక్కు రేకును దాటి ప్రతిధ్వని తిరిగి రావడానికి సుమారు 4 మైక్రోసెకన్లు పడుతుంది. 3 మైక్రోసెకన్లకే వచ్చిందంటే తుప్పు 3 మిల్లీమీటర్లు తినేసినట్టు. తొట్టిలో ఈ లెక్క సులభం. నాచూ నత్తగుల్లలూ పట్టిన అసలు స్తంభం దగ్గర, ప్రవాహంలో రోబోను కదలకుండా నిలపడమే కష్టం. అది రేవులోనే నేర్చుకోవాలి.

నెదర్లాండ్స్‌లోని రాటర్‌డ్యామ్ రేవు ఈ విషయంలో ముందుంది. అక్కడి రామ్‌ల్యాబ్ 2017లో లోహాన్ని పొరలు పొరలుగా పేర్చి ఓడ ప్రొపెల్లర్ తయారుచేసింది. నౌకా నిర్మాణ సంస్థ డామెన్ పరీక్షకు తన టగ్గును ఇచ్చింది. ఓడల భద్రతను ధ్రువీకరించే బ్యూరో వెరిటాస్ ఈ పనిలో భాగస్వామి. ధ్రువీకరించేవాళ్లు చివర్లో వచ్చి తప్పులు పట్టడానికీ తొలి రోజు నుంచీ పక్కన ఉండడానికీ చిన్న సంస్థ ఖర్చులో ఎంతో తేడా ఉంటుంది.

మన దగ్గరా కదలిక ఉంది. కొచ్చిన్ షిప్‌యార్డ్ 2022లో 50 కోట్ల రూపాయలతో ఉషస్ పథకం మొదలుపెట్టింది. 2025 మార్చిలో కేంద్ర రేవుల శాఖ సాగరమాల కింద అంకుర సంస్థల కోసం ప్రత్యేక కార్యక్రమాన్ని ప్రారంభించింది. విశాఖలో సాగరమాల సాయంతో ఏర్పడిన నౌకా నిర్మాణ శిక్షణ కేంద్రం ఉంది, దాని వెనక ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ అనే ధ్రువీకరణ సంస్థ కూడా ఉంది. ఖనిజం దిగే రేవు, శిక్షణ కేంద్రం, ధ్రువీకరణ సంస్థ ఒకే ఊరిలో అందుబాటులో ఉన్నాయి. తేమ కొలిచే పరికరానికి ముందుగా కావలసింది ఒక బెల్టు పక్కన కొద్దిపాటి చోటు, రోజూ ప్రయోగశాల ఇచ్చే తేమ లెక్కలు. ఆ పరీక్ష మాత్రం జూన్ నుంచి అక్టోబరు దాకా, వానల్లోనే జరగాలి. ఎండాకాలంలో చేసిన పరీక్ష ఓడ కెప్టెన్‌కు ఏ భరోసా ఇవ్వదు.