బాడుగ ఇండ్లకు మేనేజరు: నమ్మకంతో పాటు లెక్క

సేవా సంఘాలకు ఆదాయం ముఖ్యంగా రెండు దారుల్లో వస్తుంది: చందా, బాడుగ. చందా ఒక ఏడు ఎక్కువ, ఒక ఏడు తక్కువ. కోయిలకుంట్ల లాంటి మెట్ట ప్రాంతంలో శనగ పంట చేతికి రాని ఏడు చందా పుస్తకం కూడా పలుచబడుతుంది. బాడుగ అలా కాదు. అంగడి నడిచినంత కాలం నెలనెలా వస్తుంది. మసీదుకు, మదరసాకు, బీదపిల్లల చదువుకు పూర్వం దాతలు అంగళ్లు, ఇండ్లు రాసివ్వడంలో ఉన్న ముందుచూపు ఇదే.

సంఘాలకే కాదు, కుటుంబాలకూ ఇది వర్తిస్తుంది. కడప, కర్నూలు ప్రాంతాల నుండి కువైట్, సౌదీ వెళ్లిన వారు అక్కడి కష్టార్జితంతో ఇక్కడ రెండు మూడు పోర్షన్లు కట్టుకుంటారు. కట్టడం వరకు జాగ్రత్తగానే చేస్తారు. తరువాత తాళంచెవులు ఎవరో ఒక బంధువు చేతిలో పెట్టి విమానమెక్కుతారు. బాడుగ ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది ఫోనులో అడగడానికి మొహమాటం. అడిగితే చుట్టరికం చెడుతుంది, అడగకపోతే ఆస్తి చెడుతుంది.

ఈ చిక్కుకు ఒక మార్గం జీతం ఇచ్చి ఒక మేనేజరును పెట్టుకోవడం. ఆ పని ఏమిటి, ఎప్పుడు లాభం, ఏ జాగ్రత్తలు కావాలి అన్నవి ఈ పాఠంలో వరుసగా చూద్దాం.

మేనేజరు చేసే పని

చాలామంది మేనేజరంటే బాడుగ వసూలు చేసేవాడనుకుంటారు. అది అతని పనిలో ఒక భాగమే. ఖాళీ అయిన ఇంటికి తగిన మనిషిని వెతకడం, అతని ఆధార్, ఉద్యోగం లేదా వ్యాపారం వివరాలు చూడడం, కాగితం రాయించడం, రశీదు ఇవ్వడం, కరెంటు బిల్లు, ఇంటిపన్ను గడువులు చూడడం, వానకాలానికి ముందే మిద్దె ఎక్కి పగుళ్లు చూడడం, ఖాళీ చేసేటప్పుడు గోడలు, కుళాయిలు సరిచూసి అడ్వాన్సు తిరిగి ఇప్పించడం, నెలాఖరుకు పద్దు అప్పజెప్పడం - ఇవన్నీ కలిస్తేనే మేనేజరు పని.

ఇది మనకు కొత్త కాదు. వక్ఫ్ ఆస్తిని చూసే ముతవల్లీ చేయవలసింది ఇదే. మరి ధర్మకార్యానికి జీతం తీసుకోవచ్చునా అని కొందరికి సందేహం. ఖైబర్‌లోని తన భూమిని హజ్రత్ ఉమర్ (రజి.) వక్ఫ్ చేసినప్పుడు, దానిని చూసుకునే వ్యక్తి అందులో నుండి న్యాయమైన మేరకు తినవచ్చునని షరతులోనే పెట్టారు. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో దానిని వసూలు చేసే పనివారు కూడా ఒకరని సూరా తౌబా 60వ ఆయతు చెబుతుంది. కనుక పనికి తగిన కూలి ఇవ్వడం ధర్మానికి విరుద్ధం కాదు. ఎంత అని తేల్చకుండా, లెక్క చూడకుండా వదిలేయడమే తగదు.

లండన్‌లో ఒక పాఠం

ఇండ్ల నిర్వహణను నేర్చుకోదగిన వృత్తిగా తీర్చిదిద్దిన వారిలో ఇంగ్లండుకు చెందిన ఆక్టేవియా హిల్ ముఖ్యురాలు. ఆమె 1838 నుండి 1912 వరకు జీవించారు. 1865లో జాన్ రస్కిన్ అనే రచయిత లండన్‌లోని మేరిల్‌బోన్‌లో పాడుబడిన కొన్ని చిన్న ఇండ్లు కొని ఆమెకు అప్పగించారు. పెట్టుబడి మీద నూటికి 5 చొప్పున రాబడి చూపాలన్నది లక్ష్యం. ఆమె వారం వారం ఇంటింటికీ వెళ్లి బాడుగ తీసుకునేవారు. బాకీ పెరగనిచ్చేవారు కాదు. అదే సమయంలో చెడిన కిటికీ, కారే కప్పు కళ్లారా చూసి బాగు చేయించేవారు. మరమ్మతులకు కేటాయించిన సొమ్ములో మిగిలినది ఉంటే, దానితో ఏ వసతి కావాలో బాడుగదారులనే అడిగేవారు.

ఈ పద్ధతి నిలబడింది. 1884లో ఇంగ్లండు చర్చి ఆస్తులు చూసే కమిషనర్లు తమ ఇండ్లు కొన్నింటి నిర్వహణను ఆమెకు అప్పగించారు. ఆమె అనేకమంది స్త్రీలకు ఈ పనిలో శిక్షణ ఇచ్చారు. మనం గ్రహించవలసినది ఒకటుంది. బాడుగ గట్టిగా వసూలు చేయడమూ, బాడుగదారుని మర్యాదగా చూడడమూ ఒకదానికొకటి అడ్డు కావు. మరమ్మతు చేయించే యజమానికి బాడుగ అడిగే ధైర్యం ఉంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం

ఉదాహరణకు ఒక సంఘానికి 4 అంగళ్లు, 6 ఇండ్లు ఉన్నాయనుకుందాం. అంగడికి నెలకు రూ. 4,000, ఇంటికి రూ. 3,000. నెలకు 16,000 + 18,000 = రూ. 34,000. సంవత్సరానికి రూ. 4,08,000 రావాలి.

చూసేవారు లేనప్పుడు ఒక ఇల్లు 4 నెలలు ఖాళీగా ఉంది: నష్టం రూ. 12,000. ఒక అంగడి బాడుగ 6 నెలలది మొండిబాకీ అయింది: రూ. 24,000. చేతికి వచ్చింది రూ. 3,72,000.

ఇప్పుడు వసూలైన మొత్తంలో నూటికి 8 చొప్పున మేనేజరును పెట్టారనుకుందాం. ఖాళీ 2 నెలలకు, బాకీ 1 నెలకు తగ్గింది. నష్టం రూ. 10,000 మాత్రమే. వసూలు రూ. 3,98,000. మేనేజరుకు రూ. 31,840 పోగా మిగిలేది రూ. 3,66,160. అంటే మునుపటి కంటే రూ. 5,840 తక్కువ!

ఇక్కడ ఆగిపోతే మేనేజరు దండగ అనిపిస్తుంది. అయితే అంగళ్ల బాడుగ ఏటా నూటికి 5 పెంచేలా అతను కాగితం రాయించగలిగితే మొదటి పెంపుతోనే సంవత్సరానికి రూ. 9,600 అదనం. అప్పుడు వసూలు రూ. 4,07,600, మేనేజరు వంతు రూ. 32,608, మిగిలేది రూ. 3,74,992. ఇప్పుడు రూ. 2,992 లాభం. సకాలంలో పూడ్చిన ఒక మిద్దె పగులు వల్ల మిగిలే ఖర్చు ఇందులో కలపనేలేదు.

దీనిని బట్టి తెలిసేదేమిటి? మేనేజరు వచ్చినంత మాత్రాన లాభం రాదు. ఖాళీలు, బాకీలు, పాత బాడుగలు ఎక్కువగా ఉన్న చోట వస్తుంది. రెండు పోర్షన్లు మాత్రమే ఉండి, ఇంటివారు ఊరిలోనే ఉంటే ఎవరి లెక్క వారే రాసుకోవడం మేలు. ప్రతి సంఘం తన అంకెలతో ఈ లెక్క వేసుకుని నిర్ణయించుకోవాలి.

మన ఊరిలో ఎవరిని పెట్టుకోవాలి?

హైదరాబాదు, బెంగళూరులలో ఈ పనికి కంపెనీలే ఉన్నాయి. చిన్న పట్టణంలో పది ఇండ్ల కోసం కంపెనీ రావడం కష్టం. అయితే పద్దులు తెలిసిన రిటైర్డ్ ఉద్యోగిని, లేదా డిగ్రీ చదివి ఊరిలోనే ఉన్న యువతీ యువకులలో ఒకరిని పార్ట్‌టైముగా నియమించుకోవచ్చు. ఒక సంఘానికి పని చాలకపోతే కోయిలకుంట్ల, బనగానపల్లె, ఆళ్లగడ్డ ప్రాంతాల సంఘాలు రెండు మూడు కలిసి ఒకే మనిషిని పెట్టుకోవచ్చు. అప్పుడు పద్దులు మాత్రం దేనికది వేరుగా ఉండాలి. కమిటీ సభ్యుల దగ్గరి బంధువులను, ఆ ఆస్తిలోనే బాడుగకు ఉన్నవారిని నియమించకపోవడం మంచిది. తన బాడుగ తానే పెంచుకునేవారు ఎవరుంటారు?

కాగితం మీద ఉండవలసినవి

అప్పు లావాదేవీలను రాసుకోండి, సాక్షులను పెట్టుకోండి అని సూరా బఖరా 282వ ఆయతు ఆదేశిస్తుంది. నమ్మకం లేక రాసుకోవడం కాదిది. నమ్మకం నిలబడాలనే రాసుకోవడం. మన దేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం కూడా ఏజెంటు అడిగినప్పుడు యజమానికి సరైన లెక్కలు చూపాలి. యజమాని తరఫున తీసుకున్న సొమ్ము అప్పగించాలి. ఒప్పందంలో ఈ అంశాలు స్పష్టంగా ఉండాలి:

1. ప్రతిఫలం వసూలైన బాడుగ మీదనే, రావలసిన బాడుగ మీద కాదు.
2. ఎంత మొత్తం వరకు మరమ్మతు తానే చేయించవచ్చు, ఎంత దాటితే ముందుగా అడగాలి.
3. ప్రతి ఖర్చుకు బిల్లు. మేస్త్రీ దగ్గర కమీషన్ తీసుకోరాదు.
4. ప్రతి నెలా ఏ తేదీకి పద్దు ఇవ్వాలి.
5. మానుకునేటప్పుడు తాళంచెవులు, కాగితాలు, అడ్వాన్సుల జాబితా ఎన్ని రోజుల్లో అప్పగించాలి.

అన్నిటికంటే ముఖ్యం, మూడు పనులు ఒకే చేతిలో ఉండరాదు: తాళంచెవి, డబ్బు, లెక్క. తాళంచెవి మేనేజరు దగ్గర ఉండవచ్చు. డబ్బు నేరుగా సంఘం బ్యాంకు ఖాతాలో పడాలి. లెక్కను కమిటీలో మరొకరు పాస్‌బుక్‌తో సరిచూడాలి. ఇలా చేస్తే నిజాయితీపరుడి మీద నింద పడదు, బలహీనుడికి ఆశ పుట్టదు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెత అందరూ యజమానులై ఎవరూ లెక్క చూడని ఆస్తికి సరిగ్గా సరిపోతుంది.

పదకొండు నెలలు, పన్నెండేళ్లు

ఈ రెండు అంకెల మీద జనంలో అపోహలు ఎక్కువ. ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పక రిజిస్టర్ చేయాలి. అందుకే 11 నెలల కాగితం వాడుకలోకి వచ్చింది. ఇక పన్నెండేళ్లు ఉంటే ఇల్లు బాడుగదారుదే అవుతుందన్న భయం. బాడుగదారుగా చేరినవాడు, బాడుగకు ఉన్నంతకాలం, చేరేనాటికి యజమానికి హక్కు లేదని వాదించడాన్ని సాక్ష్య చట్టం ఒప్పదు. అసలు ప్రమాదం వేరే చోట ఉంది. అతను బాడుగదారు అని చూపే కాగితం గానీ, రశీదు గానీ లేకపోవడంలో ఉంది. ప్రతి నెలా బ్యాంకు ద్వారా వచ్చే బాడుగే గట్టి సాక్ష్యం.

వక్ఫ్ ఆస్తి అయితే 1995 నాటి వక్ఫ్ చట్టం వర్తిస్తుంది. ఏడాదికి మించిన లీజుకు బోర్డు ముందస్తు అనుమతి కావాలి. ముతవల్లీ ఏటా మార్చి 31 వరకు లెక్కలు తయారుచేసి బోర్డుకు సమర్పించాలి. మేనేజరును పెట్టుకున్నా ఈ బాధ్యత ముతవల్లీదే. 2025లో చట్టానికి సవరణలు వచ్చాయి కనుక ఏ లీజుకైనా ముందు బోర్డు కార్యాలయంలో విచారించుకోవాలి.

గల్ఫ్‌లో ఉన్నవారికి

పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వదలచినవారు అక్కడి భారత రాయబార కార్యాలయంలో సంతకం చేసి పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన మూడు నెలలలోపు స్టాంపు వేయించాలి. బాడుగ, మరమ్మతు, పన్ను, నోటీసు - ఇంతవరకే అధికారం రాయండి. అమ్మే అధికారం, కుదువపెట్టే అధికారం బాడుగ చూసేవారికి అవసరం లేదు. బాడుగను ఎన్.ఆర్.ఓ. ఖాతాలో వేయించుకోవాలి. యజమాని ప్రవాసి అయితే బాడుగ ఇచ్చేవారే ఆదాయపు పన్ను మినహాయించి కట్టాలన్న నిబంధన ఉంది. మేనేజరు దీనిని గుర్తుచేయాలి. ఇంకొక మాట. ఇంటి బాడుగ ఆదాయంలో చెల్లించిన ఇంటిపన్ను పోగా మిగిలిన దానిలో నూటికి 30 తగ్గింపు ఇస్తారు. మేనేజరు జీతానికి వేరే తగ్గింపు ఉండదు. మన లెక్కలో దీనిని కలుపుకోవాలి.

బాడుగదారు కూడా మన బాధ్యతే

సంఘం బాడుగదారులలో ఎక్కువమంది చిన్న వ్యాపారులు, కూలినాలి చేసుకునేవారు. వారికి రశీదు, నీటి వసతి, అడ్వాన్సు తిరిగి దక్కుతుందన్న భరోసా హక్కుగా అందాలి. కష్టంలో ఉన్న కుటుంబానికి సాయం చేయదలిస్తే బాడుగ మాఫీ అని నోటిమాటగా వదిలేయకండి. కమిటీలో తీర్మానించి, ఇంత సాయం చేశామని పద్దులో రాయండి. లేకపోతే అది దానం కాదు, బాకీగా మిగిలిపోతుంది. దయ చూపే నిర్ణయం కమిటీదే, మేనేజరుది కాదు.

ఈ సంచిక చదివిన తరువాత మీ సంఘంలో, మీ ఇంట్లో నాలుగు ప్రశ్నలు వేసుకోండి. మన బాడుగ ఆస్తుల జాబితా ఒకచోట రాసి ఉందా? ప్రతి బాడుగదారుతో నడుస్తున్న కాగితం ఉందా? పోయిన ఏడు ఎంత రావాలి, ఎంత వచ్చింది? ఆ లెక్కను వసూలు చేసినవారు కాక మరొకరు చూశారా? నాలుగింటికీ జవాబు ఉంటే మేనేజరు లేకున్నా పని సాగుతుంది. జవాబు లేకపోతే, ముందు ఒక నోటుబుక్కు కొని జాబితా రాయండి. వచ్చే మేనేజరుకు అప్పగించవలసిన మొదటి కాగితం అదే. ఒక్క ఇల్లు నాలుగు నెలలు ఖాళీగా పడివుంటే, ఒక విద్యార్థి పుస్తకాలకో, ఫీజుకో అందవలసిన సొమ్ము అంతమేరకు తగ్గుతుందని మరువకూడదు.