కీళ్ళకు క్రొత్త మెత్త

అనంతపురము మెట్టసీమలో వేరుసెనగ చేలయందు కలుపు తీయువారు దినమంతయు గొంతుకూర్చుండియే ముందునకు జరుగుచుందురు. వానలు చాలని యా యెఱ్ఱనేలలో పైరు పండినను ఎండినను వారి మోకాళ్ళకు మాత్రము విశ్రాంతి లేదు. వయసు మీఱగా చేతికఱ్ఱ లేనిదే లేవలేనివారిని మీరును చూచియుందురు. కీళ్ళు అరిగినవని మనవా రనుమాట యక్షరాల నిజము.

అరుగున దేమి? కీలులో ఎముకల కొనలను కప్పుచు తెల్లని నున్నని పొర యొకటి కలదు. దానిని మృదులాస్థి యందురు. మోకాటిలో దాని మందము కొలది మిల్లీమీటర్లు మాత్రమే. అందు సుమారు నాలుగింట మూడువంతులు నీరే. బరువు పడినపుడు కొంత నీరు మెల్లగా వెలువడి, బరువు తొలగగానే మరల లోని కింకును. ఇంతటి చక్కని మెత్తకు రక్తనాళములు లేవు. కావున అది చెడినచో చర్మపు గాయమువలె మానదు.

దీనికి బదులు వేఱొక పదార్థము నమర్చజూచినవారిలో జాన్ ఛార్న్‌లీ యను ఆంగ్ల శస్త్రవైద్యు డొకడు. 1950వ దశకము చివర నతడు మిగుల నున్ననైన టెఫ్లాన్‌తో తుంటికీలు గిన్నెను చేసి రోగుల కమర్చెను. వారు నొప్పి మఱచి నడచిరి. కాని కొన్ని యేండ్లకే టెఫ్లా నరిగి, దాని పొడి చుట్టుప్రక్కల భాగములను చెఱచెను. వందలకొలది కీళ్ళు విఫలమయ్యెను. ఆ కీడు టెఫ్లాన్ వలననే కలిగెనా యని తేల్చుకొనుటకు ఛార్న్‌లీ దాని పొడిని తన తొడలోనికే యెక్కించుకొనెను!

1962లో ఒక వర్తకుడు పాలిథిలీన్ ముక్కను తెచ్చెను. ఛార్న్‌లీ దానిని లెక్కచేయలేదు. ఆయన సహాయకుడు హారీ క్రేవెన్ మాత్రము దాని నరుగుదల యంత్రమున బెట్టి రేయింబవళ్ళు త్రిప్పెను. మూడు వారములు తిరిగినను అది టెఫ్లాన్ ఒక్కనాటిలో అరిగినంతయైన నరుగలేదు. ఆ యేటి నవంబరు నుండి అదియే కీళ్ళలో చేరెను. నేడును కృత్రిమమైన మోకాళ్ళలో లోహమున కెదురుగా నుండునది ప్రధానముగా నా జాతి పాలిథిలీనే.

అయినను అది నీరు పీల్చు మెత్త గాదు. అట్టి గుణముగల జెల్ నొకదానిని, పాలివినైల్ ఆల్కహాలుతో చేసినదానిని, కాలి బొటనవ్రేలి కీలు కొఱకు అమెరికా ప్రభుత్వము 2016లో అనుమతించెను. అనుకొన్నదానికంటె నెక్కువగా విఫలమగుటచే 2024లో దాని నుపసంహరించిరి. యంత్రముపై నిలిచిన పదార్థమైనను శరీరములో నిలుచునని ముందుగా చెప్పజాలము.

మోకాలు మార్పించుకొన్నవారిని గొంతుకూర్చుండవలదని వైద్యులు సాధారణముగా చెప్పుదురు. కుర్చీలపై బ్రదుకు సాగించువారి కది పెద్ద లోటు గాదు. వేరుసెనగ చేనిలో కూలిచేయువారి కట్లు గాదు. వారికి క్రొత్త కీలుతోపాటు, నిలుచుండి కలుపు తీయుటకు పొడవుపిడి గల పనిముట్టును కావలసియున్నది.